పేరు ముందర ఒక్క అక్షరం – అది ఎవరిది?

నేను బి.కాం. చదివి, బ్యాంకులో ముప్పై ఏండ్లకు పైన పనిచేసి దిగినవాణ్ణి. భాష గురించి శాస్త్రంగా చెప్పే చదువు నాకు లేదు. అయితే సంతకాలు చూసి చూసి, పేర్లు సరిపోల్చి సరిపోల్చి ఒక సంగతి మాత్రం బాగా పట్టుబడింది. పేరు ముందర మనం పెట్టుకొనే ఇన్షియల్ ఉంది చూడండి, ఆ ఒక్క అక్షరం మన సూళగిరి, హోసూరు పక్కన ఒకటే పనిని చెయ్యదు. ఒకరికి అది ఇల్లు, ఒకరికి నాయన, ఒకరికి ఊరు.

మా ఇంటి కథతోనే మొదలుపెడతాను. మా తాతకు కొడుకులు ముగ్గురు. పెద్దాయన కుప్పం పక్కకు పోయి అక్కడే భూమి చేసుకొన్నాడు. నడిపాయన మా నాయన, సూళగిరిలోనే ఉండిపోయినాడు. చిన్నాయన మాలూరు తావ ఇల్లరికం పోయినాడు. మా ఇంటిపేరు పకారంతో మొదలవుతుంది. కుప్పంలో మా అన్నకు బడిలో ‘పి.’ అని రాసినారు, అది ఇంటిపేరు. సూళగిరి బడిలో నాకు ‘ఎన్.’ అని రాసినారు, అది మా నాయన పేరు. మాలూరులో మా తమ్మునికి రెండక్షరాలు, ‘టి.కె.’ ముందరిది ఊరు, రెండోది వాళ్ళ నాయన. ఒకే తాత మనవళ్ళం, ఒకే దేవరకు టెంకాయ కొట్టేవాళ్ళం. కాగితాల్లో చూస్తే ఒకరికొకరు ఏమీ కాము.

ఇది మా ఇంటి వింత కాదు. కుప్పం ఆంధ్ర, మాలూరు కర్ణాటక, సూళగిరి తమిళనాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, 1956లో మిగిలిన గీతలు గీసినాక, మూడు రాష్ట్రాల బడులు మూడు అలవాట్లను పిల్లల మీద పెట్టినాయి. మాట మారలేదు. ఇంట్లో ముగ్గురమూ ‘యాల వస్తివి, కూకో’ అనే తెలుగే మాట్లాడతాము. అక్షరం మాత్రం మారిపోయింది.

తెలుగు దేశంలో ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. తాతకూ మనవనికీ ఒకటే అక్షరం. శ్రీశ్రీ అంటే మొదటి ‘శ్రీ’ శ్రీరంగం అనే ఇంటిపేరు, రెండో ‘శ్రీ’ శ్రీనివాసరావు. కొ.కు. అంటే కొడవటిగంటి కుటుంబరావు. కారా మాస్టారు అంటే కాళీపట్నం రామారావు. ఏది విప్పినా ముందర ఇల్లే వస్తుంది. తమిళనాడులో అట్ల కాదు. కామరాజ్ ముందరి ‘కె.’ ఆయన తండ్రి కుమారసామి. అక్కడ తాతకు ఒక అక్షరం, కొడుకుకు ఒకటి, మనవనికి ఇంకొకటి. ప్రతి తరమూ కొత్త అక్షరమే. కన్నడ పక్కన ఊరు, తండ్రి రెండూ వస్తాయి. హెచ్.డి. దేవేగౌడ అంటే హరదనహళ్ళి దొడ్డేగౌడ కొడుకు దేవేగౌడ, ఎస్.ఎం. కృష్ణ అంటే సోమనహళ్ళి మల్లయ్య కొడుకు కృష్ణ.

1983 తరువాత కొన్నేండ్లు ఈ పక్క ఎం.జి.ఆర్., ఆ పక్క ఎన్.టి.ఆర్. ముఖ్యమంత్రులుగా ఉండిరి. నేను అప్పుడే ఉద్యోగంలో కొత్త. ఇద్దరికీ మూడే అక్షరాలు, చూడటానికి కవల పిల్లల మాదిరి ఉంటాయి. ఎన్.టి.ఆర్.లో ‘ఎన్.’ ఒక్కటే ఇంటిపేరు, నందమూరి. మిగిలిన రెండూ ఆయన సొంత పేరు తారక రామారావులోవే. ఎం.జి.ఆర్.లో ‘ఎం.’ మరుదూర్ అనే ఇంటిపేరు, ‘జి.’ తండ్రి గోపాలన్, ‘ఆర్.’ ఒక్కటే ఆయన సొంతం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అమ్మగారిదయితే ఇంగా వేరే. ‘ఎం.’ మదురై, ‘ఎస్.’ ఆమె తల్లి షణ్ముఖవడివు. తండ్రి పేరు దాంట్లో లేనే లేదు.

మన హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీని తీసుకోండి. సి. రాజగోపాలాచారి అంటాము. ఆ ‘సి.’ చక్రవర్తి. వాళ్ళ నాయన, తొరపల్లి మునసబు వెంకటార్య అయ్యంగారి పేరు ముందర కూడా ఆ చక్రవర్తే ఉంది. అంటే అది వంశంతో వచ్చిన మాట. ఇప్పటి తమిళనాడు లెక్కన రాసి ఉంటే ఆయన వి. రాజగోపాలాచారి కావలసింది. తిరుత్తణి పక్కన పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిదీ అదే కథ. తండ్రి వీరాస్వామి, అయినా అక్షరం ‘ఎస్.’ ఇంటిపేరునే పట్టుకొనింది. చిక్కబళ్ళాపురం తావ ముద్దేనహళ్ళిలో పుట్టిన ఎం. విశ్వేశ్వరయ్యగారి ‘ఎం.’ ముద్దేనహళ్ళి అనుకొంటే తప్పు. అది మోక్షగుండం, ఇప్పటి ఆంధ్రలో ఉండే ఊరు. పెద్దలు ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరు, ఇంటిపేరై ఒక అక్షరంలో మిగిలింది.

ఇంతవరకు చదివి, ఇదంతా పెద్దోళ్ళ పేర్ల ముచ్చట, మనకేమి నష్టం అనుకోవచ్చు. నష్టం ఉంది. చెప్తాను.

నేను ఆఫీసరుగా చేరిన కొత్తలో, మన పక్కనే ఒక పల్లె బ్రాంచిలో ఉండినాను. ఒకనాడు ఒకామె వచ్చింది, నలభై అయిదు ఏండ్లు ఉండొచ్చు. మొగుడు పోయినాడు, ఆయన పేరిట ఉండే డిపాజిట్టు కావాల. బిడ్డ పెండ్లి కుదిరింది. తాలూకా ఆఫీసు నుంచి వారసుల సర్టిఫికెట్టు తెచ్చింది. దాంట్లో తమిళంలో ‘వె. మునియప్పన్’ అని ఉంది. మా లెడ్జరులో ‘జి. మునియప్ప’. సంతకం కార్డు తీసి చూస్తే తెలుగులో ‘గుం. మునెప్ప’ అని వంకరటింకరగా ఒక సంతకం.

ఇప్పుడు చూడండి. ఇంట్లో పిలిచే పేరు మునెప్ప. బడిలో, బ్యాంకులో మునియప్ప. తాలూకా ఆఫీసులో ‘న్’ తగిలించి మునియప్పన్. ఇది అర్థం కాని విషయం కాదు, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ అక్షరం? ‘జి’ ఎక్కడ, ‘వె’ ఎక్కడ? నేను రూలు మనిషిని. ‘ఏమమ్మా, మీ మామ పేరేమి?’ అంటే ‘ఎంకటరామప్ప’ అనింది. ‘మరి జి ఏమిటి?’ అంటే ఆమెకు జి అంటేనే తెలియదు. వేరే మనిషి అకౌంటేమో అనుకొని తిప్పి పంపించినాను. తాలూకా ఆఫీసుకు పోయింది. వాళ్ళు తండ్రి పేరు వెంకటరామప్ప కాబట్టి ‘వె’ సరిగ్గానే ఉంది, మార్చము అనిరి. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పంపినాను. మూడోసారి వచ్చినప్పుడు మా బ్రాంచిలో అటెండరుగా ఉండే పెద్దాయన, టీ గ్లాసులు తీస్తా తీస్తా, ‘ఏమి సార్, ఆయప్ప గుండ్లోళ్ళ మునెప్ప గదా’ అనినాడు.

అంతే. గుండ్ల వాళ్ళు, ఆ ఇంటిపేరు. మునెప్ప తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివినాడు. ఆ కాలపు ఐవారు తెలుగు పద్ధతిలో ఇంటిపేరు మొదటి అక్షరం నేర్పించినాడు. ‘గుం.’ అని సంతకం పెట్టినాడు. అకౌంటు తెరిచిన గుమాస్తా దాన్ని ఇంగ్లీషులో ‘జి.’ చేసినాడు. తాలూకా ఆఫీసులో ఇంటిపేరు అడిగే ఆచారమే లేదు, తండ్రి పేరు అడిగినారు. ఇద్దరూ రాసింది నిజమే. ఇద్దరూ ఒకే మనిషి అని ఇద్దరు సాక్షులతో అఫిడవిట్టు రాయించుకొని డబ్బు ఇచ్చినాను. అప్పటికి బిడ్డ పెండ్లి అయిపోయింది, వడ్డీకి అప్పు తెచ్చి చేసినారంట. ఆ అప్పు కట్టడానికే మా డబ్బు సరిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత నేను ఉన్న ప్రతి బ్రాంచిలోనూ, అకౌంటు తెరిచే కాగితం మీద ఇన్షియల్ పక్కన అది దేనికి పొట్టిరూపమో పెన్సిలుతో రాయించుకొంటా వచ్చినాను. అది రూలు కాదు, నా సొంత పిచ్చి.

లిపి తెచ్చే తంటా ఇంకొకటి. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, ప, బ రెండింటికీ ఒకటే. అందువల్ల గోవిందప్ప కొడుక్కూ కోదండప్ప కొడుక్కూ తమిళంలో ఇన్షియల్ ఒకటే. బాలప్ప, పాపన్న కొడుకులకూ అంతే. ఇంగ్లీషులో అయితే దీనికి తలకిందులు. గోవిందప్ప, గంగప్ప, గుండ్ల అన్నీ ‘జి.’లోకే పోతాయి, గుణింతం దక్కదు. తమిళం గుణింతాన్ని నిలుపుకొని క, గ తేడాను పోగొడితే, ఇంగ్లీషు ఆ తేడాను నిలుపుకొని గుణింతాన్ని పోగొడుతుంది. తెలుగు అక్షరం రెండింటినీ నిలుపుకొంటుంది. ‘గుం.’ అని మునెప్ప పెట్టిన సంతకం వట్టి ‘జి.’ కంటే ఎంత ఎక్కువ చెప్తుందో చూడండి. ఆ ‘గుం’ను తమిళంలో ‘కు’ అని రాసి, దాన్ని మళ్ళీ ఎవరయినా ఇంగ్లీషు చేస్తే ‘కె.’ అవుతుంది. అప్పుడు ఒకే మనిషికి జి, వి, కె అని మూడు అక్షరాలు! నేను ఇట్లాంటివి ఒకటి కాదు, శానా చూసినాను.

2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం పేరుతో పాటు ఇన్షియల్‌ను కూడా తమిళంలోనే రాయాలని ఉత్తరువు ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరాన్ని తమిళ పేరుకు అతికించుకోవడం బాగాలేదు అని వాళ్ళు అనుకొన్నారు. నాకు దాంట్లో తప్పు కనపడదు. వాళ్ళ భాషకు వాళ్ళు చేసుకొన్నారు. మన పక్కన తెలుగు కోసం పాటుపడిన స.వెం. రమేశ్‌గారు పేరు ముందర తెలుగు అక్షరాలే పెట్టుకోవడం చూసినప్పుడు నాకు మా మునెప్ప సంతకమే గుర్తుకొచ్చింది.

పాత పత్రాలు చదివేవాళ్ళకు ఇంకొన్ని చెప్పాల. మన బారామహల్ 1792లో, హోసూరు పక్క 1799లో కుంపెనీ చేతికి వచ్చినాయి. రీడ్ దొర, మన్రో దొర రైతువారీ పద్ధతి పెట్టి, ఒక్కొక్క రైతు పేరిట పట్టా చేసే పనికి మొదలుపెట్టినారు. ప్రతి ఊర్లో మునెప్పలు పదిమంది, ఎంకటప్పలు పదిమంది ఉంటే ఎవరు ఎవరో తెలియాల గదా. మైసూరు పక్క పత్రాల్లో దీనికి ‘బిన్’, ‘కోం’ అనే మాటలు కనపడతాయి. మునియప్ప బిన్ వెంకటప్ప అంటే వెంకటప్ప కొడుకు మునియప్ప. లక్ష్మమ్మ కోం మునియప్ప అంటే మునియప్ప పెండ్లాం. రెండూ తురకల ఏలుబడిలో వచ్చిన మాటలు, మన నోట్లో కలిసిపోయినాయి. తమిళ పత్రాల్లో అదే పనికి ‘త/పె’, ‘క/పె’ ఉంటాయి. ‘త’ తండ్రి, ‘క’ మొగుడు, ‘పె’ పేరు. ఇవి తెలియనివాళ్ళు ‘త.పె.’ను మనిషి ఇన్షియల్ అనుకొనే ప్రమాదం ఉంది.

మదరాసు ప్రెసిడెన్సీ కాలపు ఇంగ్లీషు ఉత్తరాల్లో పెద్దమనుషుల పేర్ల ముందర ఎం., ఆర్., ఆర్‌వై. అని మూడు ముక్కలు ఉంటాయి. ఇన్షియల్ మాదిరే ఉంటాయి, కావు. మహారాజరాజశ్రీకి పొట్టి. మన తెలుగులో మ.రా.రా.శ్రీ. అని రాసేది అదే. పేరు చివర తమిళులకు ‘అవర్‌గళ్’ అనేదాన్ని పొట్టి చేసి, తెలుగువాళ్ళకు ‘గారు’ అని పెట్టేవాళ్ళు. కాబట్టి పాత ఉత్తరం దొరికితే పేరు ముందర అక్షరాలు చూడటం కాదు, పేరు వెనకాల ఏముందో చూడండి. ఆ మనిషిని గుమాస్తా ఏ భాష వాడు అనుకొన్నాడో తెలుస్తుంది. మా వీధిలో ఒకాయన తన ముత్తాతకు వచ్చిన ఉత్తరం చూపించి ‘మా ముత్తాత ఇన్షియల్ ఎం.ఆర్.’ అని గర్వంగా చెప్పుకొన్నాడు. నేను ఆయన సంతోషాన్ని చెరపలేదు.

కొన్ని అక్షరాలు విప్పకుండానే మాటలయిపోతాయి. మన హోసూరులో ‘టీవీయస్’ అంటే ఎవరయినా తిరుక్కురుంగుడి వెంగారం సుందరం అయ్యంగారు అనుకొంటారా? ఊరు, తండ్రి, మనిషి, ముగ్గురూ ఆ మూడక్షరాల్లో ఉన్నారు. 1980లో టీవీయస్ 50 మోపెడ్ వచ్చినాక, మన పల్లెల్లో ‘టీవీయస్ మీద వస్తిని’ అంటే బండి, ‘టీవీయస్‌లో ఉండాడు’ అంటే ఫ్యాక్టరీలో ఉద్యోగం. సూళగిరి మార్కెట్టుకు కొత్తిమీర కట్టలు తెచ్చే రైతుకు అది బండి పేరే.

ఆడవాళ్ళ సంగతి వేరేగా చెప్పాల. తెలుగు పద్ధతిలోనూ పెండ్లితో ఇంటిపేరు మారుతుంది, ఇక్కడి పద్ధతిలోనూ తండ్రి అక్షరం పోయి మొగుని అక్షరం వస్తుంది. కానీ ఇక్కడ అక్షరం అంటే నాయనే అని అర్థం పడిపోవడం వల్ల, ‘ఇన్షియల్ లేనివాడు’ అనేది తిట్టు అయింది. ఇంటిపేరుకు ఆ కత్తి లేదు. బడిలో చేర్చే తల్లి ఒంటరిది అయితే, ‘ఇన్షియల్ ఏమమ్మా’ అనే ఒక్క ప్రశ్నకు ఆమె తల వంచుకోవడం నేను కండ్లారా చూసినాను. మన పాత లెక్కన ‘ఫలానా వాళ్ళింటి బిడ్డ’ అంటే సరిపోయేది.

ఇంగ ఇప్పటి కాలం. పాన్ కార్డు ఫారంలో సర్‌నేమ్ తావ ఇన్షియల్ ఒప్పుకోరు, పూర్తి పేరు రాయాల. పాన్ నంబరులో అయిదో అక్షరం ఆ సర్‌నేమ్ మొదటి అక్షరమే. మన పక్కన శానామంది తండ్రి పేరునే సర్‌నేమ్ గడిలో రాస్తారు. అన్నదమ్ముల్లో ఒకడు తండ్రి పేరు రాసి, ఇంకొకడు తన పేరే అక్కడ రాస్తే, ఇద్దరి పాన్‌లో అయిదో అక్షరం వేరు వేరు. మా ఇంట్లోనే అట్ల అయింది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేసినవాళ్ళకు అమెరికా వీసాలో ఉన్న పేరంతా సర్‌నేమ్ అయిపోయి, ముందరి పేరు తావలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది. అంటే ‘మొదటి పేరు తెలియదు’ అని. మా స్నేహితుని కొడుకు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసి అక్కడికి పోయినాడు. ఆఫీసులో అందరూ వానిని కొన్నాళ్ళు ‘ఫ్నూ’ అని పిలిచినారంట. గుంపుపేరు, ఇంటిపేరు, తాతపేరు అన్నీ ఉండే పిల్లోడు, సముద్రం దాటినాక పేరు తెలియనివాడు అయినాడు.

మరి ఇంటిపేర్లు పోయినాయా అంటే, పోలేదు. నోట్లో ఉండాయి. గుండ్లోళ్ళు, రచ్చకాడోళ్ళు, బావికాడోళ్ళు అని మనం అనేవి ఇంటిపేర్లే. రాతలో అయితే ‘గుండ్ల వారు’, మన యాసలో ‘గుండ్లోళ్ళు’. ఈ ‘ఓళ్ళు’ అనే తోకకు మన కాగితాల్లో గడి లేదు. పెండ్లిమాటలప్పుడు మాత్రం బయటికి వస్తాయి, ఎందుకంటే ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నదమ్ములు, సంబంధం కలుపుకోరు. ఈ మధ్య సంబంధాలు ఫోనులో చూస్తా ఉండారు. పిల్లోడు ‘ఎం.’, పిల్ల ‘ఆర్.’, వేరే వేరే అని సంతోషపడి, జాతకాలు కూడా చూసి, చివరికి ఒక ముసలవ్వ ‘వాళ్ళూ మనమూ ఒకటే గదా’ అంటే ఆగిపోయిన సంబంధం ఒకటి మా చుట్టాల్లోనే ఉంది. ఆ అవ్వ లేకపోయి ఉంటే ఎవరు చెప్పాల?

పోయిన సంక్రాంతికి మా ముగ్గురి ఇండ్ల అక్షరాలను ఒక తెల్ల కాగితం మీద రాసిపెట్టినాను. మా తాత పట్టా నకలు వెనకాల దాన్ని అతికించినాను. పి. అంటే ఏమి, ఎన్. అంటే ఎవరు, టి.కె. అంటే ఏ ఊరు, ఎవరు, అన్నీ తెలుగులో విప్పి రాసినాను. ఆధారానికి బడి టి.సి. నకళ్ళు పంపమని ఇద్దరికీ చెప్పినాను. కుప్పం అన్న వారంలోనే పంపించినాడు. మాలూరు తమ్ముడు ఇంకా వెతుకుతా ఉండాడు.